పడుగు దాటకూడని వీధి

మద్రాసు వెళ్ళివచ్చినవాళ్ళు ఎవరైనా ముందు సముద్రం సంగతి చెబుతారు. నేను సముద్రం చూడలేదు. బందరులో మాకూ ఒక సముద్రం ఉంది, దాన్నే ఎవరూ చూడరు. నేను చూసింది చింతాద్రిపేటలో ఒక వీధి, ఆ వీధి వెనక ఒక సందు, ఆ సందు వెనక కూవం ఏరు. వాసన వల్ల ఏటిని చూడకుండా ఉండడం సాధ్యం కాదు.

నేను వెళ్ళిన పని ఒక ఖాళీ ట్రంకు పెట్టె. మా మేనమామ కూతురు సీత భర్త పోయాక టీచరు ట్రైనింగు చదివి, చింతాద్రిపేటలో ఒక బడిలో తెలుగు తరగతి చెబుతోంది. ఆ తరగతిలో పిల్లలు తగ్గిపోయారనీ, ఇన్స్పెక్టరు వచ్చి చూసి బెంచీలు నిండకపోతే తరగతి ఎత్తేస్తారనీ, అప్పుడు తన ఉద్యోగం కూడా ఉండదనీ రాసింది. మా అమ్మ ఆ ఉత్తరం చదివించుకుని, "పాపం" అని కళ్ళు తుడుచుకుని, వెంటనే అటక మీది పెట్టె దింపించింది. సీత సామాను అందులో సర్దుకుని తీసుకురావాలి. వచ్చాక ఏం చేస్తుందని నేను అడగలేదు. మేనకోడలి కోసం మా వంటింట్లో పొయ్యి పక్క మూల అప్పటికే కడిగేశారు.

బెజవాడ నుంచి సెంట్రల్ దాకా

ఖాళీ పెట్టెతో ప్రయాణం చేస్తే ఎవరూ నమ్మరు. బెజవాడలో ఎక్కిన ఒక పెద్దమనిషి దాన్ని ఎత్తి చూసి, "ఏమీ లేదే!" అని నాకోసం బాధపడ్డాడు. లేదు కదా అని నెల్లూరు దాకా దాని మీదే కూర్చున్నాడు. దిగేటప్పుడు మూతకు పడిన సొట్ట చూసి, పూర్వం పెట్టెలు గట్టిగా ఉండేవని చెప్పి వెళ్ళాడు.

సెంట్రల్ ఎదుట హోటల్లో ఇడ్లీ తిన్నాను. మన వైపు పచ్చడి కోసం సర్వరును బతిమాలుకుంటాం. అక్కడ సాంబారు వద్దన్నా పోస్తారు. ఇడ్లీ మునిగింది, తేలింది, మళ్ళీ మునిగింది. కాఫీ రెండణాలు. దాన్ని ఇత్తడి గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి తిరగబోసుకుంటూ తాగాలి. నేను మూడోసారికే పంచె మీద పోసుకున్నాను. రిక్షావాడితో బేరం తమిళంలో మొదలైంది. నాకు తమిళం రాక చేతులు తిప్పుతుంటే వాడు విసుగెత్తి, "ఏం సామీ, తెలుగోళ్ళా? ముందే సెప్పకూడదా?" అన్నాడు. చిత్తూరు వైపువాడట. తెలుగువాడినని తెలిశాక రేటు తగ్గిస్తాడనుకున్నాను. తగ్గించలేదు, క్షేమసమాచారాలు మాత్రం అడిగాడు.

మగ్గాల వీధి

రిక్షా వీధి మొదట్లోనే ఆగిపోయింది. వీధి పొడవునా, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, దారాలు పరిచి ఉన్నాయి. మోకాలెత్తున కత్తెరలా పాతిన వెదురు కర్రల మీద బట్ట కాబోయే నూలు బిగించి ఉంది. దాన్ని పడుగు అంటారు. ముసలివాళ్ళు ఇద్దరు గంజిలో ముంచిన పెద్ద కుంచెలు పట్టుకుని, దాన్ని దువ్వుతూ అటూ ఇటూ నడుస్తున్నారు. అటువైపు అరుగు మీద సీత నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను పెట్టె భుజాన పెట్టుకుని, పంచె ఎగగట్టి, పడుగు దాటడానికి కాలెత్తాను.

వీధంతా ఒక్కసారి అరిచింది. నేను ఒంటికాలి మీదే ఆగిపోయాను.

"దాటబాకయ్యో! దాటబాక!" అంటూ ఒక ముసలావిడ కుంచెతోనే పరిగెత్తుకొచ్చింది. ఆవిడ మునెమ్మ. సీత అద్దెకున్న ఇంటి యజమానురాలు. "పడుగు దాటితే ఆ బట్ట కట్టినోళ్ళు బాగుపడరు. మీ ఊర్లో ఇదంతా తెలీదా?"

"మా ఊళ్ళో కట్టడమే తెలుసండీ," అన్నాను.

"బావా, కాలు దించు ముందు," అంది సీత.

పడుగు ఎవరూ దాటకూడదు, కింద నుంచి దూరకూడదు. బ్రాహ్మణుడైనా సరే, పోలీసైనా సరే, చుట్టు తిరిగి పోవలసిందే. దేవుడి ఊరేగింపు వస్తేనూ, శవం వస్తేనూ మాత్రం పొడుగు కర్రలతో పైకెత్తి దారి ఇస్తారట. నేను రెండూ కాను గనుక ఏటిగట్టు మీది బాట పట్టమన్నారు.

ఆ బాట వీధి వెనక సందులోంచి పోతుంది. సందులో నగరం ఊడ్చే పనివాళ్ళుంటారు. నెల్లూరు జిల్లా నుంచి తాతలనాడు వచ్చినవాళ్ళు. సగంమంది ఇళ్ళ మీద శిలువ, సగంమంది ఇళ్ళ ముందు వేపకొమ్మ. ఒక ఇంటి ముందు రెండూ ఉన్నాయి. గట్టు దగ్గర నా కాలు పిక్కదాకా బురదలో దిగబడింది. గుమ్మంలో చీపుర్లు కడుతున్న ఒకావిడ లేచి, ఒక వెదురుకర్ర చివర నాకు అందించి, ఇంకో చివర తను పట్టుకుని బయటికి లాగింది. చెయ్యి ఇవ్వలేదు. ఆవిడ పేరు మరియమ్మ.

"కాళ్ళు కడుక్కోవాలంటే ఆ మలుపులో కొళాయి ఉండాది సామీ," అంది. తర్వాత నాకు ధైర్యం చెబుతున్నట్టు, "దాన్ని మేం ముట్టుకోం," అని కలిపింది.

నేను కడుక్కున్నాను. మేలు చేసిన మనిషి ఇంత నెమ్మదిగా ఆ మాట చెప్పడం నాకు బాగుండలేదు. కానీ కొళాయి నీళ్ళు చల్లగా ఉన్నాయి.

మునెమ్మ ఇల్లు

పేరుకు మగ్గాల వీధి. ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ మగ్గం ఆడేదట. ఇప్పుడు మగ్గం గదులు చాలావరకు అద్దె వాటాలు. మునెమ్మ ఇంట్లో ఒక్క మగ్గం మిగిలింది, మిగతా గదుల్లో ఒక దర్జీ కుటుంబం, ఒక రైల్వే గుమాస్తా కుటుంబం, సీత. అందరికీ కలిపి ఒక కొళాయి. నీళ్ళు వచ్చే వేళకు బిందెలే వరసలో నిలబడతాయి, మనుషులు లోపల పడుకుంటారు. ఎవరి బిందె ఏదో అందరికీ తెలుసు. బందరులో మేం నూతి దగ్గర మనుషులమే నిలబడి పోట్లాడుకుంటాం. ఈ పద్ధతి నాకు నచ్చింది.

ఇంట్లో వయసు మగవాళ్ళు కనిపించరు. మునెమ్మ పెద్దకొడుకు నాగయ్య పెరంబూరులో రైలు పెట్టెలు చేసే కార్ఖానాలో చేరాడు. చిన్నకొడుకు గోవిందు కోడంబాక్కం స్టూడియోల్లో వేషాలు వేస్తాడు. రాజుగారి సైన్యంలో ఉంటాడు. యుద్ధం మొదలవగానే చచ్చిపోవడం అతని పని. ఆ సాయంత్రం ఎలక్ట్రిక్ రైలు దిగి అతికించిన మీసంతోనే ఇంటికొచ్చాడు. "మూడు మాట్లు సచ్చినాను సామీ," అన్నాడు నీరసంగా. "రెండో మాటు బాగా వచ్చింది. ఐతే డైరెక్టరుకి మూడోది కావల్ల."

నాగయ్య కూతురు వల్లి అవ్వ దగ్గరే ఉండి సీత తరగతిలో చదువుతోంది. ఆ పిల్ల నోటికి తమిళమే సులువు. "పాట్టీ, పసిక్కుదు!" అని అరుస్తుంది. ఆకలేస్తోందని అర్థం. మునెమ్మ చెవిటిదానిలా కూర్చుంటుంది. "అవ్వా, ఆకలి" అనేదాకా గిన్నె కదలదు. అలా ఆ ఇంట్లో రోజుకు మూడు పూటలా తెలుగు పాఠం జరుగుతుంది.

"వీధిలో తెలుగు వాళ్ళు లేక కాదు బావా," అంది సీత. "ఉన్నవాళ్ళే పిల్లల్ని పక్క గదిలో కూర్చోబెడుతున్నారు. ఉద్యోగాలు తమిళంలో వస్తాయట. ఇంట్లో అమ్మను తెలుగులో తిడతారు, బడికి మాత్రం తమిళం."

ఆమె తరగతిలో సగం బెంచీలు మగ్గాల వీధి పిల్లలవి, మిగతావి ఏటిసందు పిల్లలవి. సందు పిల్లలు గట్టు బాటన వచ్చి బడి వెనక గుమ్మంలోంచి లోపలికొస్తారు. గోడ పక్కన కూర్చుంటారు. ఎదురుగుమ్మంలోంచి రానంతకాలం వాళ్ళు బడికి వస్తున్నట్టు వీధికి తెలియదు. తరగతిలో మంచినీళ్ళ కుండలు రెండున్నాయి. రెండింటిలోవీ ఒకే కొళాయి నీళ్ళు. ఇదేమిటని సీతను అడిగాను. "ఒక కుండ తీసేస్తే ఇవతల బెంచీలు ఖాళీ అవుతాయి. రెండూ ఉంచితే నాకు రాత్రి నిద్రపట్టదు. నిద్ర మానుకున్నాను," అంది.

పెరంబూరు

ఆదివారం నాగయ్య క్వార్టర్సుకు వెళ్ళాం, వల్లి కూడా వచ్చింది. వరసగా ఒకేలాంటి ఇళ్ళు. నాగయ్య ముందు కొళాయి చూపించాడు. ఇంట్లోపలే ఉంది. తిప్పి చూపించాడు. కాఫీ తాగాక మళ్ళీ తిప్పాడు. మేం బయల్దేరుతుంటే, నేను సరిగా చూడలేదేమోనని ఇంకోసారి తిప్పాడు.

"వల్లిని ఈడికే తెచ్చేస్తా టీచరమ్మా," అన్నాడు. "ఈడ తమిళ క్లాసులో ఏస్తా. రైలు పెట్టెకి తెలుగు అక్కర్లేదు కదా."

"ఇన్స్పెక్టరు వచ్చిపోయేదాకా ఆగు నాగయ్యా. ఒక్క బెంచీ ఖాళీ అయినా నాకు కష్టం," అంది సీత.

"సరి, సరి. అంతదాకా ఉండనీ."

ఆయన భార్య మాకు పులిహోర పెట్టింది. తిరగమోతలో నువ్వులపొడి వేసింది. బందరులో చెబితే నమ్మరు గాని బాగుంది.

వాన

సోమవారం వాన పట్టుకుంది. మద్రాసుకు కార్తీకంలోనే అసలు వానలు. మనం ఆరేసుకునే రోజుల్లో వాళ్ళు తడుస్తారు. పడుగులన్నీ చుట్టలు చుట్టి ఇళ్ళలో పెట్టుకున్నారు. మగ్గం ఆగింది. గోవిందు వానకు యుద్ధం జరగదని ఇంట్లోనే ఉండి, నాకు ఎలా చావాలో నేర్పాడు. మోకాళ్ళు ముందు వంగాలట.

మంగళవారం ఏరు పొంగి గట్టు బాట మీదికి వచ్చింది. ఏటిసందు పిల్లలు బడికి రాలేదు. ఇన్స్పెక్టరు వచ్చేది బుధవారం. ఇక మిగిలిన దారి ఒక్కటే: సందులోంచి మగ్గాల వీధిలోకి వచ్చి, వీధి దాటి, ఎదురుగా ఉన్న బడిలోకి పోవడం. వానే కురుస్తుంటే పడుగులుండవు గనుక ఎలాగో రావచ్చు. కానీ సాయంత్రానికి మబ్బు విడిచింది. వీధిలో అందరి ముఖాలూ వికసించాయి, సీతది తప్ప. తెల్లవారితే అందరూ పడుగులు పరుస్తారు.

సీత మునెమ్మ దగ్గరకు వెళ్ళి, పొద్దున పిల్లలు పోయేదాకా పడుగు ఎత్తి పట్టమని అడిగింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

"నాదొక్క పడుగయితే సరి టీచరమ్మా. వీధంతా పడుగులు. మేస్త్రీ చెంగయ్య ఒప్పుకోడు. రెండు నాళ్ళుగా మగ్గాలు ఆగి ఉండాయి, నూలిచ్చిన సేటు తిడతాండాడు. అశుద్ధమైందని ఒక్కడు అన్నాడంటే ఆ బట్ట ఎవురు కొంటారు?"

"తరగతి పోతుంది మునెమ్మా. వల్లికి తెలుగు పోతుంది."

మునెమ్మ లేచి దీపం వత్తి సర్దింది.

సీత గదిలోకి వచ్చి నా ట్రంకు పెట్టె మూత తెరిచి తన పుస్తకాలు సర్దడం మొదలుపెట్టింది. పెట్టె నిండుతుంటే నేను వచ్చిన పని అవుతున్నట్టే లెక్క. నాకు సంతోషం కలగలేదు. ఈ మనిషి నల్లబల్ల ముందు ఎలా నిలబడుతుందో నాలుగు రోజులు చూశాను. మా వంటింటి మూలలో ఆ ఎత్తుకు చోటులేదు. ఆ మాట పైకి అన్నాను కూడా.

"అత్తయ్యతో చెప్పకు, ఆ మూల ఇంకా చిన్నది చేస్తుంది," అంది సీత. నవ్వబోయి నవ్వలేకపోయింది.

బుధవారం పొద్దున

ఎండ కాసింది. వీధి నిండా గోడకూ గోడకూ మధ్య పడుగులు పరిచారు. గంజి వాసన. సందు మొగలో మరియమ్మ, ఆవిడ వెనక సందు పిల్లలందరూ. తలలకు నూనె రాసి, ఉతికిన బట్టలు వేసి తెచ్చింది. సందు దాటి ఒక్క అడుగు ముందుకు వేయలేదు. ఇటుపక్క బడి ముందు సీత. మధ్యలో పడుగులు.

మేస్త్రీ చెంగయ్య వీధికి పెద్ద. మంచివాడే. పిల్లల్ని చూసి, "ఆరినాక చుట్టేస్తాం, అప్పుడు పోవచ్చును," అన్నాడు. ఆరేసరికి మధ్యాహ్నమవుతుంది. ఇన్స్పెక్టరు పదింటికి వస్తాడు. ఆ సంగతి సీత చెబితే, "అయ్యో," అన్నాడు నిజమైన జాలితో. కుంచెతో దువ్వుతూనే ఉన్నాడు.

అప్పుడు తూర్పుగాలి తిరిగింది. మబ్బు ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. మొదటి చినుకు నా చేతిమీదే పడింది.

గంజి తడి ఆరకముందే వాన పడితే దారాలన్నీ అంటుకుపోయి పడుగు పనికిరాదు. చుట్టడానికి వ్యవధి లేదు. పరిచినదాన్ని పరిచినట్టే కర్రలతో సహా ఎత్తి నీడలోకి చేర్చాలి. దానికి ప్రతి కర్ర దగ్గరా ఒక మనిషి కావాలి. పూర్వం ఉండేవాళ్ళు. ఇప్పుడు ఆ చేతులు పెరంబూరులో బోల్టులు బిగిస్తున్నాయి, కోడంబాక్కంలో కత్తులు తిప్పుతున్నాయి. వీధిలో ఉన్నది ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, గోవిందు, నేను. నేనొక కర్ర ఎత్తాను. తప్పు వైపుకు ఎత్తానట. రెండు పక్కల నుంచీ తిట్లు పడ్డాయి.

మునెమ్మ పడుగు నడుమ సాగి బురదకు జానెడు దూరానికి వచ్చింది. ఆవిడ ఒక కర్ర పట్టుకుంటే ఇంకోటి పడిపోతోంది. చుట్టూ చూసింది. సందు మొగలో మరియమ్మ కనిపించింది. మరియమ్మ చేతులు ముందుకు చాపింది గాని కదల్లేదు.

"పట్టుకోండే!" అని అరిచింది మునెమ్మ. "ఎవురైనా పట్టుకోండే!"

మరియమ్మ పట్టుకుంది. ఆవిడ వెనక పిల్లలు వచ్చి కర్రకొకరు దొరికినది పట్టుకున్నారు. మునెమ్మ పడుగే కాదు, ఏది ముందుంటే అది. చెంగయ్య పడుగు కింద నలుగురు పిల్లలు. అంత పొడుగు పడుగుకు వీధిలో ఉన్న నీడ ఒక్కటే, బడి వరండా. అందరూ అటే పరిగెత్తారు. అలా ఏటిసందు పిల్లలు ఎదురుగుమ్మంలోంచే, మగ్గాల వీధి నూలు మోసుకుంటూ బడిలోకి వచ్చారు.

వరండా చాలలేదు. మిగిలినవి తరగతిలోకి తెచ్చి బెంచీల మీదుగా సాగదీసి పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే ఇన్స్పెక్టరు గొడుగు ముడుస్తూ వచ్చాడు. తమిళ పెద్దమనిషి, శాంతస్వభావుడు. ప్రతి బెంచీ నిండి ఉంది. పిల్లలు, మునెమ్మ, మరియమ్మ, చెంగయ్య, తలకు గంజి పూసుకున్న నేను.

"ఏమిటిది?" అన్నాడు ఇంగ్లీషులో.

"చేతిపనుల పాఠమండీ," అంది సీత.

ఆయన వల్లి వైపు వంగి, ఆ దారాలేమిటని తమిళంలో అడిగాడు. తమిళమే మాట్లాడే పిల్ల తమిళంలోనే గడగడా చెబుతుందని భయపడ్డాను. వల్లికి ఆ మాటలు ఇంట్లో మగ్గం దగ్గర తప్ప ఇంకెక్కడా వినపడలేదు. "ఇది పడుగు. అది కుంచె. గంజి ఆరలేదు, ముట్టుకోబాకండి," అంది తెలుగులో. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తను చూసిన తరగతుల్లో పిల్లలూ, పెద్దలూ ఇంత శ్రద్ధగా పాఠం పట్టుకుని కూర్చున్నది ఇదొక్కటేనని సీతతో చెప్పి, తరగతి ఉంటుందని కూడా చెప్పి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

తిరుగు ప్రయాణం

వాన వెలిశాక అరుగుల మీద పంచాయితీ జరిగింది. సందువాళ్ళు పట్టుకున్న పడుగు ఏదో తేల్చి పక్కన పెట్టాలన్నారు. మునెమ్మ సరేనంది. "ఎవురి పడుగు పట్టుకున్నారో వాళ్ళే సెప్పండి," అంది. ఒక్కొక్కరే ఆలోచించారు. తమ పడుగు తామే మోసుకొచ్చామని అందరూ చెప్పారు. చెంగయ్య అందరికంటే గట్టిగా చెప్పాడు. పంచాయితీ ముగిసింది.

నేను బయల్దేరిన పొద్దున మళ్ళీ ఎండ. మళ్ళీ పడుగులు. గట్టు బాట ఇంకా నీళ్ళలోనే ఉంది. పిల్లలు సందు మొగలో వచ్చి నిలబడ్డారు. మునెమ్మ వాళ్ళను చూసి, లోపలికి వెళ్ళి పొడుగు కర్రలు తెచ్చి, గోవిందును పిలిచి పడుగు పైకెత్తించింది.

"ఏంది మునెమ్మా," అన్నాడు చెంగయ్య, "దేవుడొస్తాండాడా, పీనుగొస్తాండాదా?"

"మళ్ళా వానొస్తే నీ పడుగు మోసేదానికి దేవుడొస్తాడా, పీనుగొస్తుందా?"

"నేను రోజూ పీనుగునే కదా, నాకెప్పుడూ ఎత్తలేదే," అన్నాడు గోవిందు కర్ర పట్టుకుని. ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు తలలు వంచుకుని ఒకరి వెనక ఒకరు దాటిపోయారు. చెంగయ్య తన పడుగు ఎత్తలేదు, ముఖం అటు తిప్పుకుని చివరి కర్ర మాత్రం ఒకటి పీకి పట్టుకున్నాడు. అక్కడ తెరుచుకున్న ఖాళీలోంచి పిల్లలు అవతలికి పోయారు.

పెట్టె ఖాళీగానే తిరిగి వచ్చింది. అడుగున సాంబారు పొడి పొట్లం ఒకటి ఉంది. అమ్మ మూత తెరిచి చూసి, "సీత ఏదిరా?" అంది, ఆమె పొట్లం కింద ఉన్నట్టు.

ఉగాదికి సీత ఒక చీర పంపింది. మునెమ్మ మగ్గం మీదిది, ఆ పడుగుదే. నున్నగా ఉంది. అమ్మ దాన్ని తడిపి మడికి వాడడం మొదలుపెట్టింది. ఇంట్లో ఏ చీరనూ ఆవిడ ఇంతగా మెచ్చుకోలేదు. నెల్లాళ్ళు ఊరుకున్నాను గాని, ఒకరోజు ఆవిడ చీర ఉతికి పిండుతుంటే ఉండబట్టలేక జరిగిందంతా చెప్పాను. మరియమ్మ సంగతీ, పిల్లల సంగతీ, రెండు కుండల సంగతీ.

అమ్మ పిండిన చీరను మళ్ళీ విప్పి చూసుకుంది.

"ఉతికితే పోయేదయితే ఈపాటికి పోయే ఉంటుంది," అంది. "పోనిదయితే నాకు ఎప్పుడో అంటింది. సీతకు నిద్ర పడుతోందా ఇప్పుడు?"

ఒక కుండ పగిలిందనీ, రెండోది కొనలేదనీ సీత రాసిందని చెప్పాను.

అమ్మ తల ఊపింది. కింద అందరి బట్టలూ ఆరేసే తాడు వైపు చూసింది. తర్వాత మూలనున్న పొడుగు కర్ర తీసుకుని, ఆ చీరను నెమ్మదిగా పైకెత్తి, మడి దండెం మీద ఆరేసింది.